రబ్బరు ముక్క తప్పుకు ఇంజనుకు శిక్షా?

“బండి ముసలిదైపోయింది, ఇంజను విప్పాల్సిందే.” పాత మోటారు సైకిలు ఉన్న ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు ఈ తీర్పు వినబడుతుంది. పెద్ద అంబర్‌పేట్ నుంచి తెల్లవారకముందే పాలో, కూరగాయలో కట్టుకొని హయత్‌నగర్, ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్ వైపు పోయేవారికి అది చిన్న మాట కాదు. సిలిండరు బోరు కొట్టించి కొత్త పిస్టను వేయించాలంటే వేల రూపాయలు కావాలి. బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ సంపాదన ఉండదు. అందుచేత శిక్ష వేసేముందు విచారణ జరగాలని నా అభిప్రాయం. ఆ విచారణ ఇంజనుతో కాదు, ఇంజనులోకి గాలి వెళ్లే దారితో మొదలుకావాలి.

ఆ దారి గురించి ముందు కొంచెం తెలుసుకుందాం. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. లీటరు పెట్రోలు బరువు సుమారు 740 గ్రాములు. గుణించి చూడండి, దాదాపు 11 కిలోల గాలి! లీటరు గాలి బరువు సుమారు 1.2 గ్రాములు కాబట్టి, ఒక్క లీటరు పెట్రోలు మండేసరికి ఇంజను రమారమి 9 వేల లీటర్ల గాలి పీల్చుకుంటుందన్నమాట.

ఈ గాలి మొదట ఎయిర్ ఫిల్టరులో దుమ్ము వదిలించుకొని కార్బొరేటరులోకి వస్తుంది. అక్కడ దారి సన్నని గొంతులా ఇరుకవుతుంది. ఇరుకులో గాలి వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. 1738లో డానియల్ బెర్నౌలీ తన గ్రంథంలో వివరించిన సూత్రం ఇదే. పీడనం తగ్గినచోటికి పెట్రోలు సన్నని రంధ్రం గుండా చిమ్ముతుంది, గాలితో కలుస్తుంది. ఆ మిశ్రమం ఒక పొట్టి గొట్టం గుండా సిలిండరులోకి పోతుంది. చాలా బళ్లలో ఆ గొట్టం రబ్బరుదే. మెకానిక్కులు దాన్ని మానిఫోల్డ్ రబ్బరు అంటారు. ఇంజను వేడినీ, అదురునూ కార్బొరేటరుకు చేరకుండా ఆపడం కూడా దాని పనే.

రబ్బరుకు వయసు మీదపడుతుంది. రబ్బరు అణువులు పొడవాటి గొలుసులు. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకంతో వేడిచేసి ఆ గొలుసులను ఒకదానితో ఒకటి ముడివేసే పద్ధతి కనుగొన్నాడు. అందుకే అది సాగుతుంది, మళ్లీ యథాస్థితికి వస్తుంది. కాని ఇంజను వేడికి, గాలిలోని ఆక్సిజనుకు ఏళ్ల తరబడి గురైతే కొత్త ముడులు పడి రబ్బరు గట్టిపడుతుంది. ఓజోను ఆ గొలుసులలోని ద్విబంధాలను తెంచుతుంది. అప్పుడు పగుళ్లు పడతాయి. పైకి వెంట్రుకవాసి గీతలా కనబడే పగులు, బండి అదిరినప్పుడల్లా నోరు తెరుస్తుంది.

ఆ పగులు గుండా దూరే గాలి కార్బొరేటరు దాటిన తరువాత చేరుతుంది కాబట్టి తనతో పెట్రోలు తీసుకురాదు. మిశ్రమం పలచబడుతుంది. బండి నిలబడి ఉన్నప్పుడు థ్రాటిల్ దాదాపు మూసి ఉంటుంది, గొట్టంలో పీడనం బాగా తక్కువగా ఉంటుంది. కనుక పగులు గుండా గాలి గట్టిగా లాగబడుతుంది. రోడ్డు మీద బాగానే పరిగెత్తే బండి ఎల్.బి.నగర్ సిగ్నలు దగ్గర ఆగగానే ఎందుకు ఆరిపోతుందో ఇప్పుడు అర్థమైందా? యాక్సిలరేటరు వదిలినా ఇంజను వేగం వెంటనే దిగకపోవడం, సైలెన్సరులో టపటపమనడం, స్పార్కు ప్లగ్గు గోధుమ రంగుకు బదులు తెల్లగా ఉండటం కూడా పలచని మిశ్రమానికి గుర్తులే.

ఇక్కడే పొరపాటు వైద్యం మొదలవుతుంది. ఐడ్లింగ్ స్క్రూ తిప్పి వేగం పెంచుతారు. జ్వరం తగ్గకుండానే థర్మామీటరు మార్చినట్టు! లేదా పగులుకు జిగురు పూస్తారు. గట్టిపడిన రబ్బరు ఆ పక్కనే మళ్లీ పగులుతుంది. ఈలోగా పలచని మిశ్రమంతో ఇంజను వేడెక్కుతుంది. పెట్రోలులోనే నూనె కలిపి పోసే పాత రెండు స్ట్రోకుల బళ్లలో అయితే పిస్టను పట్టేసి ఇంజను సీజయ్యే ప్రమాదం కూడా ఉంది.

ఇప్పుడు మరో కారణం కూడా తోడైంది. మన దేశంలో 2023 నుంచి 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు అమ్మకానికి వచ్చింది. ఇథనాలులో ఆక్సిజను ఉంటుంది కనుక, పాత పెట్రోలుకు అమర్చిన కార్బొరేటరులో మిశ్రమం మరికొంత పలచబడుతుంది. కొన్ని రకాల పాత రబ్బరును ఇథనాలు పాడుచేస్తుంది కూడా. కొన్ని పాత వాహనాలలో 20 వేల నుంచి 30 వేల కిలోమీటర్ల తరువాత కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చవలసి రావచ్చని 2025 ఆగస్టులో కేంద్ర పెట్రోలియం మంత్రిత్వశాఖే చెప్పింది.

ఇక ఫిల్టరు సంగతి. “పికప్ పెరుగుతుంది, శబ్దం బాగుంటుంది” అని కొందరు అన్నలు ఫిల్టరే తీసిపారేస్తారు. మన నేల గ్రానైటు నేల. విజయవాడ రహదారి మీద, ఔటర్ రింగు రోడ్డు పక్క దారుల్లో లేచే దుమ్ములో ఆ రాతి పొడి ఉంటుంది. గ్రానైటులోని క్వార్ట్జు కాఠిన్యం మోహ్స్ కొలబద్దపై 7. మామూలు ఇనుముది 4, 5 మాత్రమే. లీటరు పెట్రోలుకు 9 వేల లీటర్ల గాలి లెక్క గుర్తుందిగా? ఫిల్టరు లేకపోతే ఆ దుమ్మంతా పిస్టను రింగుల మధ్య గరుకు కాగితంలా పనిచేస్తుంది. అప్పుడు ఇంజను నిజంగానే విప్పాల్సి వస్తుంది. పాతబడి పొడిపొడిగా రాలే స్పాంజి ఫిల్టరు కూడా ఇంచుమించు లేనట్టే.

“పాత బళ్లను బాగుచేయడం దేనికి, తీసేస్తే గాలైనా శుభ్రపడుతుంది కదా” అని మీలో ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన భారత్ స్టేజ్-6 ప్రమాణాల కొత్త బండికి పాత కార్బొరేటరు బండి సాటి రాదు. కాని కొత్తది కొనలేనివారు పాతదాన్నే నడుపుతారు. మిస్సింగు కొట్టే ఇంజను మండని పెట్రోలును సైలెన్సరు గుండా మన ఊపిరిలోకే వదులుతుంది. రబ్బరు ముక్క మారిస్తే ఆ ఇంటి డబ్బూ మిగులుతుంది, వీధి గాలీ కొంత బాగుపడుతుంది.

తప్పంతా మెకానిక్కుది అనడం కూడా సరికాదు. “గంటలో ఇవ్వాలి, ఖర్చు కాకూడదు” అని తొందరపెట్టేది మనమే. పాత భాగం మార్చమంటే “ఏదో అతికించు” అనేదీ మనమే. కొన్నిసార్లు ఇంజను నిజంగానే అరిగి ఉంటుంది. నాలుగు స్ట్రోకుల బండి నీలిపొగ వదులుతూ నూనె తాగుతుంటే అనుమానించవలసిందే. అప్పుడైనా సిలిండరులో కంప్రెషన్ కొలిపించాకే విప్పించాలి.

కనుక నేను కోరేవి మూడే. ఇంజను విప్పేముందు గాలి దారి అంతా పరీక్షించాలి. గట్టిపడిన రబ్బరును అతికించక మార్చాలి. ఫిల్టరు లేకుండా బండి నడపకూడదు. పరీక్ష పెద్దవాళ్లు, మెకానిక్కే చేయాలి. ఇంజను నడుస్తుండగా అతుకు మీద నీళ్లు తుంపర్లుగా చల్లి, శబ్దం మారుతుందేమో వినడం ఒక పద్ధతి. వేడి ఇంజను మీద పెట్రోలు చల్లి చూడటం మాత్రం ప్రాణాలతో చెలగాటం. ఎవరైనా చేయబోతే ఆపండి.

మీరు చేయగల ప్రయోగం ఒకటుంది. రెండు రబ్బరు బ్యాండ్లు తీసుకోండి. ఒకదాన్ని అట్టముక్కకు సాగదీసి తొడిగి మేడమీద ఎండలో ఉంచండి. రెండవదాన్ని చీకటి డబ్బాలో పెట్టండి. కొన్ని వారాలయ్యాక రెండింటినీ సాగదీసి చూడండి. ఏది ముందు తెగిందో, ఎందుకు తెగిందో మీ ఇంట్లో బండి నడిపేవారికి వివరించండి.