కారు లైసెన్సులోనూ గేరు సంగతి రాయాలి

వాహనదారులకు, కొత్తగా డ్రైవింగ్ నేర్చుకునేవారికి, రవాణా శాఖ అధికారులకు విజ్ఞప్తి

గేరున్న మోటారు సైకిలుకు ఒక లైసెన్సు, గేరు లేని స్కూటరుకు మరొకటి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం పదో సెక్షన్‌లోనే ఈ రెంటినీ వేరు చేసి పెట్టారు. కారు దగ్గరికొచ్చేసరికి ఆ తేడా లేదు. క్లచ్ ఊసే లేని ఆటోమేటిక్ మీద టెస్టు ఇచ్చినా, అయిదు గేర్ల బండి మీద ఇచ్చినా చేతికొచ్చేది ఒకటే ఎల్ఎంవీ కార్డు. చట్టం రాసిన నాటికి ఇది లోపమేమీ కాదు. అప్పుడు రోడ్డు మీద తిరిగేవి అంబాసిడర్లు, ఫియట్లు, మారుతీ 800లు. స్టీరింగు పక్కన హ్యాండ్ గేరో, కింద ఫ్లోర్ గేరో వేయడం రానివాడికి కారు కదిలేదే కాదు. కారు వచ్చంటే గేరు వచ్చినట్టే లెక్క.

ఆ లెక్క ఇప్పుడు చెల్లదు. 2014లో సెలెరియోతో మారుతీ ఏఎంటీ గేర్‌బాక్సును తెచ్చాక ఆటోమేటిక్ అనేది పెద్ద కార్లవాళ్ల సొత్తు కాకుండా పోయింది. ఎలక్ట్రిక్ కార్లలో మార్చడానికి గేర్లే ఉండవు. టాక్సీవాళ్లకు కొట్టినపిండి అయిన ఇన్నోవానే చూడండి. 2022 చివర్లో వచ్చిన హైక్రాస్‌లో మాన్యువల్ లేదు. 2023లో తిరిగొచ్చిన డీజిల్ క్రిస్టాలో ఆటోమేటిక్ లేదు. రెండూ ఒకే ట్రావెల్స్ ఆఫీసు ముందు పక్కపక్కన ఆగి ఉంటాయి. ఏది తీసుకెళ్లినా అడిగే లైసెన్సు ఒకటే.

ఆటోమేటిక్ వద్దనడానికి మేం ఈ కరపత్రం వేయలేదు. అమీర్‌పేటలో సాయంత్రం ఆరింటికి హాఫ్ క్లచ్ మీద పాకుతూ ఇల్లు చేరేవాడి ఎడమ మోకాలి నొప్పి మాకూ తెలుసు. క్లచ్ వదిలినప్పుడల్లా బండి ఆగిపోయి, వెనక హారన్లు మోగి, ఇది మనవల్ల కాదులే అని తాళాలు పక్కన పెట్టేసినవాళ్లెందరో ఇవాళ హాయిగా బండి నడుపుకుంటున్నారు. వాళ్లలో ఆడవాళ్లున్నారు, రిటైరైన మాస్టార్లున్నారు, ఎడమ కాలు సహకరించనివారూ ఉన్నారు. గేరు వేస్తేనే డ్రైవరు, లేకపోతే కాదు అని మీసం మెలేసే బాపతు మాటలు మాకు గిట్టవు.

మా పేచీ అంతా ఆ కార్డుతో. ఎల్ఎంవీ అంటే కారొక్కటే కాదు. చట్టంలో ఉన్న నిర్వచనం ప్రకారం ఖాళీ బరువు 7,500 కిలోలు మించని ట్రాక్టరూ అందులోదే. సరుకుల బండి, ప్రయాణికుల బండి కూడా మొత్తం బరువు ఆ లోపు ఉంటే ఆ కార్డుతోనే నడపొచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది, 2024 నవంబర్‌లో రాజ్యాంగ ధర్మాసనం దాన్నే ఖాయం చేసింది. మంచి తీర్పే. టాటా ఏస్‌నో బొలెరో పికప్‌నో నమ్ముకుని బతికేవాళ్లకు అది అన్నం పెట్టింది, ప్రమాదం జరిగితే లైసెన్సు సరైంది కాదంటూ బీమా కంపెనీ తప్పుకునే దారి మూసింది. దానితో పాటే ఒక సంగతి ఎవరి కంటా పడకుండా జరిగిపోయింది. పట్నంలో ఆటోమేటిక్ మీద నేర్చుకుని, జన్మలో క్లచ్ తొక్కని కుర్రాడు రేపు పసుపు బస్తాలు ఎత్తిన పికప్‌తో పాడేరు ఘాట్ దిగితే లైసెన్సు విషయంలో అతణ్ణి తప్పు పట్టే వీలు లేదు.

ఘాట్ అంటే ఏమిటో తెలిసినవాళ్లకు ఈ మాట చాలు. తెలియనివాళ్ల కోసం కొంచెం వివరంగా చెబుతాం.

దిగుడులో బండిని పట్టి ఉంచాల్సింది ఇంజను, బ్రేకు దానికి తోడు మాత్రమే. రెండో గేరులోనో మూడో గేరులోనో ఉంచి ఎక్స్‌లేటర్ మీంచి కాలు తీస్తే చక్రాలు పరుగెత్తకుండా ఇంజనే ఆపుతుంది. పై గేరులో ఆ పట్టు సడలుతుంది, న్యూట్రల్‌లో అసలుండదు. అప్పుడు సరుకు బరువు, బండి బరువు మొత్తం బ్రేకుల మీద పడుతుంది. కొన్ని మలుపులు దిగేసరికి లైనర్లు కమురు వాసన కొడతాయి. అప్పటికీ తొక్కుతూనే ఉంటే పట్టు తగ్గిపోతుంది. ఏళ్ల తరబడి మార్చని బ్రేక్ ఆయిల్‌కు చెమ్మ పట్టి ఉంటే ఆ వేడికి మరిగి ఆవిరి చేరుతుంది, పెడల్ మెత్తగా నేలదాకా దిగిపోతుంది. అప్పుడు గాభరాగా కింది గేరు వేయబోతే అలవాటు లేని చేతికి అది పడదు. ఉన్న గేరు ఊడుతుంది, రాడ్ న్యూట్రల్‌లో ఆడుతుంది. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు అని పాత లారీ డ్రైవర్లు క్లీనర్లకు చెప్పింది ఇందుకే.

డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దింపే పాత రోగం ఒకటుంది, మాన్యువల్ బాగా వచ్చినవాళ్లలోనే అది ఎక్కువ. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉండగా కాలు తీస్తే ఇంధనం సరఫరాయే ఆగిపోతుంది. న్యూట్రల్‌లో ఉంటేనే ఇంజను ఆగకుండా తిరగడానికి డీజిల్ కాలుతుంది. మిగిలేది లేకపోగా పోయేదే ఎక్కువ.

ఆటోమేటిక్‌లకూ దిగుడు పాఠం ఉంది. లీవరును డీలో వదిలేసి తిరుమల మొదటి ఘాట్ దిగేవాళ్లను రోజూ చూస్తున్నాం. ఏఎంటీలో మాన్యువల్ మోడ్‌లోకి, సీవీటీలో ఎల్‌లోకి మార్చాలని షోరూంలో బండి తాళాలిచ్చేటప్పుడు ఎవరూ చెప్పరు. ఎలక్ట్రిక్ కారు దిగేటప్పుడు మోటారే బ్రేకు పట్టి బ్యాటరీని నింపుతుంది. కానీ కొండమీద నూరు శాతం చార్జింగ్ పెట్టి వెంటనే దిగితే ఆ కరెంటు పోవడానికి చోటుండదు, మోటారు పట్టు తగ్గుతుంది. ఈ ముక్క తెలియని కార్ల ఓనర్లు చాలామంది ఉన్నారు.

ఇంతకీ దిగుడులో బండిని పట్టి ఉంచడం టెస్టులో చూడాలన్నది కొత్త కోరికేం కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో పదిహేనోది తీసి చదవండి. టెస్టుకొచ్చినవాడు ఏమేం చేసి చూపాలో అందులో వరసగా ఉంది. దిగుడులో చురుగ్గా కింది గేర్లకు మారాలి అన్నది అందులో ఒకటి. ఎత్తు మీద ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ కదిలించాలి అన్నది ఇంకొకటి. ఏ తరహా బండికి లైసెన్సు అడుగుతున్నాడో ఆ తరహా బండి మీదే టెస్టు పెట్టాలని కూడా ఉంది. మేం చూసిన ట్రాకుల్లో హెచ్ ఉంది, ఎనిమిది ఉంది, కొన్నిచోట్ల ఎక్కుడు కూడా ఉంది. దిగుడులో గేరు తగ్గించి చూపమని అడిగిన బ్రేక్ ఇన్‌స్పెక్టర్ మాత్రం మాకు తారసపడలేదు. ఆటోమేటిక్‌తో వచ్చినవాణ్ణి ఆ పరీక్ష ఎలా అడగాలో నిబంధన చెప్పదు, ఎందుకంటే రాసినవాళ్ల ఊహలో ఆ బండి లేదు.

బయటి దేశాలు ఈ చిక్కును ఎప్పుడో విప్పుకున్నాయి. బ్రిటన్‌లో ఆటోమేటిక్ మీద పాసైతే ఆటోమేటిక్‌కే లైసెన్సు. అక్కడికి చదువులకు వెళ్లిన మన పిల్లలకు ఇది బాగా తెలుసు. జపాన్ 1991లోనే ఆటోమేటిక్‌కు పరిమితమైన లైసెన్సు తెచ్చింది. మాకు నచ్చింది జర్మనీ పద్ధతి. 2021 ఏప్రిల్ నుంచి అక్కడ ఆటోమేటిక్ మీదే అసలు టెస్టు ఇవ్వొచ్చు. డ్రైవింగ్ స్కూల్లో మాన్యువల్ మీద కనీసం పది పాఠాలు, ఒక్కోటి 45 నిమిషాలు, నేర్చుకుని, స్కూలువాళ్లే కనీసం 15 నిమిషాలు నడిపించి చూసి రాసిస్తే రెండు రకాలూ నడపొచ్చు. రెండోసారి సర్కారీ టెస్టు లేదు.

మేం అడిగేదీ ఆ దారిలోదే. ఆటోమేటిక్ మీద పాసైనవారి కార్డు మీద ఆ సంగతి రాయాలి. క్లచ్ బండి కావాలనుకున్నవారు స్కూల్లో కొన్ని గంటలు అదనంగా నేర్చుకుని ఆ షరతు తీయించుకునే వీలుండాలి. ఇప్పటికే లైసెన్సున్నవారి జోలికి పోకూడదు. ఏ బండితో వచ్చినా సరే, దిగుడులో దాన్ని ఎలా పట్టి ఉంచాలో ట్రాకు మీద చేసి చూపించాలి.

ఇదంతా డ్రైవింగ్ స్కూళ్ల గిరాకీ కోసమేనని కొందరంటారు. మాలో డ్రైవింగ్ నేర్పి బతికేవాళ్లున్న మాట నిజమే. కానీ కారు నేర్పడానికి 21 రోజులకు తగ్గకూడదని, బండి నడిపించేది పది గంటలకు తగ్గకూడదని నిబంధనల్లో ఇప్పటికే ఉంది. అది సరిగా జరిగేచోట దిగుడు పాఠానికి పైసా అదనం అక్కర్లేదు. అదనపు ఖర్చల్లా రెండు రకాలూ కావాలనుకునే ఆటోమేటిక్‌వాళ్లకే. పదేళ్లు ఆగితే అన్నీ ఎలక్ట్రిక్ అవుతాయి, ఇంత హడావుడి దేనికని ఇంకొందరు అంటారు. కొత్త కార్ల సంగతి కావచ్చు. ఊళ్లో ట్రాక్టరు, మార్కెట్ యార్డు ముందు బారులు తీరిన పాత పికప్పులు పదేళ్లలో తుక్కుకు వెళ్లవు. వాటిని నడపబోయేది ఇవాళ ఆటోమేటిక్ మీద నేర్చుకుంటున్న పిల్లలే.

కార్డు మీద షరతు రాయడం కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ చేతిలో పని. దానికి మన ఎంపీల దగ్గరికి వెళ్లాలి. దిగుడు పరీక్షకు అంత దూరం వెళ్లక్కర్లేదు, నిబంధన ఉన్నదే కాబట్టి రెండు రాష్ట్రాల రవాణా శాఖలు ఒక్క ఆదేశంతో మొదలుపెట్టొచ్చు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో, తెలంగాణలో ప్రజావాణిలో ఈ కరపత్రం ప్రతిని జతచేసి, పదిహేనో నిబంధన పేరు రాసి అర్జీ ఇవ్వండి. రసీదు అడిగి తీసుకోవడం మరవొద్దు.