మూర్ఛకు తొలి సాక్షి

మూర్ఛ వ్యాధిని నిర్ధారించడంలో వైద్యునికి అన్నిటికంటె ఎక్కువగా తోడ్పడేది, రోగి పడిపోయినప్పుడు పక్కనున్న మనిషి చెప్పే మాట. ఎన్ని యంత్రాలు వచ్చినా ఈ సంగతి మారలేదు. ప్రవాసంలో కొరవడుతున్నది సరిగ్గా ఆ సాక్ష్యమే.

మెదడులోని నాడీకణాలు సూక్ష్మమైన విద్యుత్ సంకేతాలతో పనిచేస్తాయి. అవి అదుపు తప్పి ఒక్కసారిగా చెలరేగడమే మూర్ఛ. కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం ఒక్కటే దాని లక్షణం కాదు. తరగతిలో కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయే పిల్లవాడికి ఉన్నది పరధ్యానం కాకపోవచ్చు. అలాగే, పడిపోయిన ప్రతివారికీ మూర్ఛ ఉన్నట్లు కాదు. అజ్మాన్ ఎండకు సొమ్మసిల్లవచ్చు. మధుమేహ రోగికి రక్తంలో చక్కెర తగ్గవచ్చు. గుండె లయ తప్పవచ్చు. కళ్ళు తెరిచి ఉన్నాయా, నాలుక కరుచుకున్నదా, ఎంతసేపు సాగింది, తేరుకున్నాక తికమక పడ్డాడా అన్నవి చూసినవారే చెప్పాలి.

హాన్స్ బెర్గర్ 1924లో తొలిసారి మానవ మెదడు తరంగాలను నమోదు చేశాడు. ఆ ఇ.ఇ.జి. పరీక్ష నేటికీ ముఖ్యమే గాని, మూర్ఛ రాని వేళ తీస్తే మామూలుగానే కనిపించవచ్చు. ఎం.ఆర్.ఐ. మాత్రం పాత గాయపు మచ్చనో, కణితినో, బద్దెపురుగు తిత్తినో చూపగలదు. ఈ పురుగు పందిమాంసం తినేవారి బెడద అనుకోవడం పొరపాటు. దాని గుడ్లు సరిగా కడగని ఆకుకూరలతో శుద్ధ శాకాహారి కడుపులోకీ చేరతాయి.

ఇక దాచిపెట్టడం సంగతి. హిందూ వివాహ చట్టంలో 1976 సవరణతో మూర్ఛ వివాహానికి అనర్హతగా చేరింది. 1999లో దానిని తొలగించారు. పెళ్ళిచూపుల్లో మాత్రం అది ఇంకా తొలగలేదు. ఆడపిల్ల తల్లి బడికి చెప్పదు. పారిశ్రామికవాడలో ఆరుగురితో గది పంచుకునే కరీంనగర్ కార్మికుడు, ఉద్యోగం పోతుందన్న భయంతో "కళ్ళు తిరిగాయి" అంటాడు. ఆ భయం నిరాధారమని కొట్టిపారేయడం న్యాయం కాదు. అయినా దాచినందువల్ల కలిగే నష్టమే పెద్దది. సరైన చికిత్స అందితే నూటికి డెబ్భై మంది వరకు మూర్ఛలు లేకుండా జీవించగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మాత్రలు హఠాత్తుగా మానితే ప్రాణాపాయం. ఫినోబార్బిటోన్, క్లోనజెపామ్ వంటి మందులు ఎమిరేట్స్‌లో నియంత్రిత జాబితాలోనివి. ఆవకాయ జాడీల మధ్య సర్దుకొని రావడం కుదరదు. ప్రయాణానికి ముందే డాక్టరు చీటీతో అధికారిక అనుమతి పొందాలి.

చేతిలో తాళాల గుత్తి పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం మానాలి. రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటితే 998కి ఫోన్ చేయాలి. ఈలోగా గదిలో మరొకరుంటే సెల్‌ఫోనులో ఒక్క నిమిషం చిత్రీకరించి, ఆ దృశ్యాన్ని నరాల వైద్యునికి తప్ప ఎవరికీ చూపకుండా భద్రపరచాలి.