జాబులూ – జవాబులూ

ప్రశ్న: మావాడు నా గాజులు తాకట్టుపెట్టి నాలుగు గ్రాఫిక్స్ కార్డులు కొంటాడట, క్రిప్టో నాణేలు తవ్వడానికి. ఏ నాణెం మంచిదంటారు?
– ఒక సోదరి, కాకినాడ

జవాబు: కార్డుచేత రేయింబవళ్ళు లెక్కలు కట్టించి, ప్రతిఫలంగా నాణేలు పుచ్చుకోవడమే ఈ తవ్వకం. బిట్‌కాయిన్ జోలికి వెళ్ళవద్దనండి. దానికి ప్రత్యేక యంత్రాలున్నవి. ఇన్నాళ్ళూ కార్డులకు అన్నంపెట్టిన ఇథీరియం 2022 సెప్టెంబరు 15న తవ్వకమే మానేసింది. ఆ కార్డులు అనేకం రేవెన్‌కాయిన్, ఎర్గో, ఇథీరియం క్లాసిక్ వంటివాటిమీద పడ్డవి. పంక్తిలో విస్తళ్ళు పెరిగితే గుండిగలో పులిహోర పెరుగుతుందా? వంతులు చిక్కిపోయినవి.

కనుక నాణెం ధర ఒక్కటే చూస్తే చాలదు. దానికీ ప్రత్యేక యంత్రాలు వచ్చాయా? ఇథీరియం క్లాసిక్‌కు వచ్చినవి. కార్డు మెమరీ సరిపోతుందా? అమ్మబోతే కొనేవారున్నారా? ఇవి విచారించమనండి.

ఆపైన కరెంటు. 200 వాట్ల కార్డు ఆగకుండా పనిచేస్తే నెలకు 144 యూనిట్లు, నాలుగింటికి 576. అమ్మితే 30 శాతం పన్ను. అందులో కరెంటు ఖర్చు మినహాయించరు.

ఇంట్లో ఇదివరకే కార్డుంటే, ఒక నెల తవ్వి లెక్క వ్రాసి చూపమనండి. గాజులు మాత్రం మీ చేతులకే ఉండనివ్వండి.