తలుపు తెరుచుకోలేదు... ఎందుకు?

మొన్న సెలవుల్లో కోదాడలో అక్క వాళ్లింటికి వెళ్లాను. మా మేనల్లుడు తొమ్మిదో తరగతి. రోబ్లాక్స్‌లో సొంతంగా ఆట తయారుచేస్తున్నాడు. బొమ్మ వెళ్లి తాకితే తలుపు తెరుచుకోవాలి. అది తెరుచుకోవడం లేదు!

‘‘నెట్‌లో ఉన్నది ఉన్నట్టే రాశాను మామయ్యా. తప్పంటోంది’’ అన్నాడు దిగులుగా.

చూస్తే వాడి తప్పేమీ లేదు. ఆ పేజీ రాసిన రోజున అందులోని సంగతి నిజమే. తర్వాత భాష మారింది, పేజీని ఎవరూ మార్చలేదు. పైన తేదీ లేదు, ఏ వెర్షన్‌కు పనికొస్తుందో లేదు. మిర్యాలగూడ రైస్‌మిల్లులో పనిచేసే మా బావ పక్కనే ఉండి విన్నాడు. ‘‘బస్తాకు చీటీ లేకపోతే లోపలున్నది ఏ రకమో ఎట్లా తెలుస్తది?’’ అన్నాడు. అసలు విషయం అదే.

మావాడు రాస్తున్నది లువా నుంచి పుట్టిన భాష. లువాను 1993లో బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో ఓ విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేశారు. పోర్చుగీసులో ఆ మాటకు చందమామ అని అర్థం. 2004లో ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ ఆట వచ్చింది. తెర మీది మీటలూ పట్టికలూ లువాతో తమకు నచ్చినట్టు మార్చుకునే వీలు ఆటగాళ్లకు దొరికింది. మరి ఏ ఆదేశం ఏం చేస్తుందో చెప్పేదెవరు? వాళ్లే ఒక్కొక్కటీ నొక్కి చూసి, తేలింది రాసిపెట్టారు. అలా ‘వావ్‌వికీ’లో ఆదేశానికో పేజీ చొప్పున పెరిగింది. దానికేం ఇవ్వాలి, బదులుగా ఏం వస్తుంది, ఓ చిన్న ఉదాహరణ, ఏ మార్పుతో వచ్చింది... ఈ నాలుగూ ఉంటే చాలు, కొత్తవాడు గట్టెక్కుతాడు. ఆటకు కొత్త మార్పు వచ్చినప్పుడల్లా మళ్లీ సరిచూసుకోవాలి. జీతం లేని చాకిరీ!

ఆ తర్వాతి కథ మరీ చిత్రం. వికీని నడిపే సంస్థ తీరు నచ్చక 2010లో చాలామంది రచయితలు రాసిందంతా నకలు తీసుకుని ‘వావ్‌పీడియా’ అనే కొత్తింటికి వెళ్లిపోయారు. 2018లో ఏమైందో తెలుసా? వదిలొచ్చిన పాత యజమానే కొత్తింటినీ కొనేశాడు! 2023లో మళ్లీ మూటాముల్లే సర్దుకుని ఇంకోచోటికి మారారు. పాత పేజీలేమో పాత ఇంట్లోనే ఉండిపోయాయి. కొత్తవాళ్లు పొరబడేది అక్కడే.

ఇదంతా ఎక్కడో జరిగిన గొడవ అనుకోకండి. మన దగ్గరా ఇలాంటి పనే పడింది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అక్కడి మాటలు వింటే ముచ్చటేస్తుంది. నలుగురూ మాట్లాడుకునే చోటు ‘రచ్చబండ’, ఇంకా ఎదగని వ్యాసం ‘మొలక’. ఊరూరికీ పేజీ పెట్టాలని కూర్చున్నారు. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు వచ్చాయి. సూర్యాపేట జిల్లా అయింది. కోదాడ అందులోకి వెళ్లింది. మిర్యాలగూడ నల్గొండలోనే ఉండిపోయింది. రాత్రికి రాత్రి ఎన్ని పేజీలు పాతబడిపోయాయో ఆలోచించండి! జిల్లా పేరు మార్చాలి, కొత్త మండలాలు చేర్చాలి. అలాగని పాతది చెరిపేస్తే చరిత్ర పోతుంది. ఫలానా తేదీకి ముందు ఫలానా జిల్లాలో ఉండేదన్న ముక్కా ఉండాలి. అందుకే అందరికీ పనికొచ్చే భాగాన్ని ‘మూస’గా ఒకేచోట పెడతారు. అక్కడ ఒక్కసారి మారిస్తే అది వాడిన పేజీలన్నిటా మారుతుంది. ఇంకో సంగతి... వికీపీడియాలో ఇలాంటి మూసల వెనకాల 2013 నుంచి పనిచేస్తున్నది లువాయే. మావాడి తలుపు భాషకు చుట్టమన్నమాట!

ఈ మాట చెప్పగానే వాడి కళ్లు మెరిశాయి. కోదాడ పేజీ తెరిచి, ‘చరిత్ర’ అన్నచోట నొక్కి, ఎవరెప్పుడు ఏం మార్చారో చూస్తూ కూర్చున్నాడు. రాత్రి పదింటికి తలుపు తెరుచుకుంది. ఏం మారిస్తే పనిచేసిందో నోటు పుస్తకంలో తేదీ వేసి మరీ రాసుకున్నాడు. ‘‘ఇది అక్కడ కూడా రాయరా’’ అన్నాను. ‘‘నా ఇంగ్లిషు చూసి నవ్వుతారు మామయ్యా’’ అన్నాడు.

అక్క వంటింట్లోంచి తొంగిచూసి, ‘‘మన ఊరి పేజీలో చెరువు గురించి రాశారేమో చూడరా ముందు’’ అంది. వాడు వెతకడం మొదలుపెట్టాడు.