సంతకం లింకన్‌ది, శ్రమ మోరిల్‌ది

సంపాదకుల వారికి,

అమెరికాలో రైతుబిడ్డలకు కాలేజీ చదువు అందించిన ఘనత అబ్రహాం లింకన్‌దేనని మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. అందుకు దారితీసిన చట్టంపై 1862 జులై 2న సంతకం చేసింది లింకనే, కాదనను. కానీ దానికోసం ఐదేళ్లు పోరాడిన జస్టిన్ స్మిత్ మోరిల్ పేరు వ్యాసంలో ఒక్కచోటా లేదు. ఇది అన్యాయం.

మోరిల్ 1810లో వెర్మాంట్ రాష్ట్రం స్ట్రాఫర్డ్‌లో కమ్మరి ఇంట పుట్టాడు. కాలేజీకి పంపే స్తోమత ఇంట్లో లేక పదిహేనో ఏట చదువు ఆగిపోయింది. దుకాణంలో గుమాస్తాగా చేరి, వ్యాపారంలో వాటాదారుడై, నలభై నిండకుండానే దాన్ని వదిలి సొంతూళ్లో సేద్యానికి దిగాడు. 1854లో కాంగ్రెస్‌కు ఎన్నికయ్యాడు.

పై చదువులంటే మతబోధకులకు, వకీళ్లకు, వైద్యులకే అనుకునే రోజులవి. ప్రభుత్వ భూములు రైల్వే కంపెనీలకు లక్షల ఎకరాల్లో పోతున్నాయి. అందులో కొంత అమ్మి, ఆ సొమ్మును మూలధనంగా ఉంచి, వచ్చే రాబడితో వ్యవసాయం, యంత్రవిద్యలు నేర్పే కాలేజీలు నడపాలని మోరిల్ 1857లో బిల్లు పెట్టాడు. ఇల్లినాయిస్‌కు చెందిన జోనథన్ బాల్డ్విన్ టర్నర్ అంతకుముందే ఇలాంటి ఆలోచన చెప్పాడు. ఆయన పాత్రా చిన్నది కాదు. అయితే ఆలోచన వేరు, దాన్ని రెండు సభల్లో గట్టెక్కించడం వేరు. బొటాబొటి మెజారిటీతో నెగ్గిన ఆ బిల్లును 1859లో అధ్యక్షుడు బుకానన్ తిప్పికొట్టాడు. మోరిల్ వదల్లేదు. అంతర్యుద్ధంతో దక్షిణాది సభ్యులు సభను వీడాక మళ్లీ తెచ్చాడు. ఈసారి ఒక్కో కాంగ్రెస్ సభ్యునికి 30,000 ఎకరాల లెక్కన రాష్ట్రాలకు భూమి దక్కింది. లింకన్ దగ్గరికి వచ్చింది ఆ బిల్లే.

ఆ భూమి ఎవరిదో కూడా చెప్పాలి. ఒప్పందాల పేరుతోనో, బలవంతంగానో ఆదివాసుల నుంచి లాక్కున్న నేల అది, కోటి ఎకరాలకు పైగా. మోరిల్‌ను అభిమానించే మాలాంటివాళ్లం ఈ మాట దాటవేస్తే ఆయన చరిత్రను సగమే చెప్పినట్టు.

లింకన్ మరణించిన పాతికేళ్లకు, 1890లో, ఎనభయ్యో ఏట సెనేటర్‌గా మోరిల్ రెండో చట్టం సాధించాడు. ఈ కాలేజీలకు ఏటా కేంద్ర నిధులు ఇస్తూ, ప్రవేశంలో రంగు చూడకూడదని, చూస్తే నల్లవారికి వేరే కాలేజీ పెట్టి న్యాయమైన వాటా ఇవ్వాలని అది షరతు పెట్టింది. దక్షిణాది రాష్ట్రాలు వేరు కాలేజీల దారే పట్టాయి. అది రాజీయే, పైగా బాధ కలిగించే రాజీ. అయినా ఆ నిధులతో నిలబడిన నల్లజాతి కాలేజీలు ఎన్నో నేటికీ నడుస్తున్నాయి.

ఇదంతా మనకెందుకని మీ పాఠకులు అనుకోవచ్చు. నేను బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివాను. 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం మోరిల్ చట్టపు కాలేజీల నమూనాలో పుట్టిందే. దానికి తోడ్పడిన కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం 1863లో ఆ చట్టం కిందే మొదలైంది. బోధన, పరిశోధన, విస్తరణ ఒక్క గొడుగు కింద ఉండాలన్న పద్ధతి మనకు అక్కడినుంచే వచ్చింది. ఇంతా చేసి, నా చదువు పూర్తయ్యేదాకా మోరిల్ పేరు తరగతి గదిలో వినలేదు.

ఆ వ్యాసానికి సవరణగా మోరిల్ జీవితంపై ఒక పూర్తి వ్యాసం, ఆదివాసుల భూముల సంగతితో సహా, ప్రచురించాలని కోరుతున్నాను. మన వ్యవసాయ కళాశాలల మొదటి సంవత్సరం పాఠాల్లోనూ ఆయనకు చోటివ్వాలి.

భవదీయుడు,
వ్యవసాయ శాఖ విశ్రాంత ఉద్యోగి,
గుంటూరు