ఉపకారవేతనమా?

సాంకేతిక విశ్వవిద్యాలయములలో శాస్త్ర పరిశోధన చేయువారికి నెలనెల నిచ్చు సొమ్మునకు మనవారు ‘ఉపకారవేతన’మని పేరిడిరి. ఈ రెండు మాటలకు సంధి కూర్చిన పండితుడెవరో గాని, వేతనము మఱుగుపడి ఉపకారమే మిగిలినది. పగలు యంత్రములకడ నిలిచి, క్రింది తరగతుల ప్రయోగశాలలను నడపి, వారి పత్రములు దిద్ది, రాత్రి తన వ్యాసములు వ్రాసికొనువాడు ఎవరివలన ఉపకారము పొందుచున్నాడు? ఉపకారము చేయుచున్నవాడు అతడు కాడా?

కేంద్ర ప్రభుత్వము జూనియర్ రిసెర్చి ఫెలోకు నెలకు నిర్ణయించినది 2014లో 25,000 రూపాయలు, 2019లో 31,000, 2023లో 37,000. ఇంటి యద్దె భత్యము వేఱు. నడుమ నాలుగేసి యేండ్లు బియ్యపు ధర కదలక యుండెనా? ఉద్యోగులకు ఏటికి రెండు మార్లు సవరించు కరువు భత్యము వీరికి లేదు. 2019 నాటి పెంపునకు ముందు వీరు ఢిల్లీ వీధులలో నిలువవలసి వచ్చినది. అడిగినచో ‘నీవు విద్యార్థివి’ అందురు. పని యాలస్యమైనచో ‘నీ బాధ్యత యేమాయె’ నందురు. ఆ సొమ్మును వేతనమని యొప్పుకొని, కరువు భత్యము చేర్చి, నెల మొదటి తేదీన చేతికీయవలయును.

అయినను ప్రభుత్వమునే నిందించి మనము తప్పించుకొనరాదు. కుమార్తె యైదేండ్లుగా పరిశోధన చేయుచుండ, ‘ఇంకను చదువుచునే యున్నది’ అని చుట్టములయెదుట తల వంచుకొను తలిదండ్రులు సంస్కారుల యిండ్లలోనే యున్నారు. పెండ్లిచూపులకు వచ్చినవారు ‘ఉద్యోగమెప్పుడు?’ అని యడుగగా, ‘ఆమె చేయుచున్నది ఉద్యోగమే’ యని బదులు చెప్పిన తండ్రిని నేనింకను చూడలేదు.