షియాన్ నగరంలో ఒక పగలు

చైనా దేశపు మహానగరాలు అనగానే మనవారికి మొదట స్ఫురించేవి బీజింగ్, షాంఘై. చూడడానికి ఒక్క పగలు మాత్రమే వ్యవధి ఉన్న తెలుగు యాత్రికుడు ఈ రెండింటినీ విడిచి షియాన్‌కు వెళ్లడం ఉచితం. మన జిల్లాల నుండి వైద్యవిద్యకై చైనాకు వెళ్లిన విద్యార్థులు అనేకులు. వారైనా, విహారానికి పోయేవారైనా ఆ నగరంలో మన నేలను గురించిన జ్ఞాపకమొకటి ఉన్నదని ఎరిగి వెళ్లడం మేలు.

షియాన్ ప్రాచీన నామం చాంగాన్. తాంగ్ వంశపు చక్రవర్తులకు అది రాజధాని. పదునాల్గవ శతాబ్దంలో కట్టిన కోటగోడ నేటికీ నగరమధ్యాన్ని చుట్టి ఉన్నది. దాని ఎత్తు 12 మీటర్లు, చుట్టుకొలత దాదాపు 14 కిలోమీటర్లు. గోడ పైభాగం ఎంత విశాలమంటే యాత్రికులు దానిమీద సైకిళ్లు తొక్కుతారు. ఉదయాన్ని అక్కడ గడపవచ్చును.

అయితే అందరూ పరుగులు తీసేది లింటాంగ్ వైపు. 1974లో బావి త్రవ్వుతున్న రైతులకు అక్కడ మట్టిబొమ్మల సైన్యం బయటపడినది. క్రీ.పూ. 210లో మరణించిన చక్రవర్తి చిన్ షి హువాంగ్ సమాధికి కావలిగా వేలకొలది యోధుల ప్రతిమలను పాతిపెట్టినారు. అద్భుతమే, కాదనలేము. కాని రానుపోను ప్రయాణంతో సగం దినం దానికే సరిపోతుంది. ఒక్క పగలులో అన్నీ చూడబూనినవాడు ఫోటోలు తెచ్చుకోగలడు గాని, నగరాన్ని చూడలేడు. కనుక ఆ సైన్యాన్ని మరొక ప్రయాణానికి విడిచిపెట్టడమే వివేకం.

మధ్యాహ్నం చేరవలసిన చోటు పెద్ద అడవిబాతు పగోడా. హుయాన్‌త్సాంగ్ అనే భిక్షువు బౌద్ధ గ్రంథాలకై రాజాజ్ఞను సైతం లెక్కచేయక భారతదేశానికి బయలుదేరి, నలందలో చదివి, దేశమంతా తిరిగి, 645లో చాంగాన్‌కు మరలివచ్చెను. ఆయన తెచ్చిన గ్రంథాలు 657. వాటిని, బుద్ధ ప్రతిమలను భద్రపరచడానికి 652లో ఈ ఇటుకల గోపురం వెలసినది. ఇప్పుడు ఏడు అంతస్తులతో 64 మీటర్ల ఎత్తున నిలిచి ఉన్నది. 664లో మరణించే వరకు ఆయన అనువాదమే వ్రతంగా జీవించెను. ఆ చక్రవర్తి తనకు కాపలా కోరినాడు. ఈ భిక్షువు గ్రంథాలకు కాపలా కోరినాడు. రెండవ కోరికే గొప్పది.

హుయాన్‌త్సాంగ్ తన యాత్రాగ్రంథంలో కళింగాన్ని, ఆంధ్రాన్ని, ధాన్యకటకాన్ని వర్ణించెను. కళింగపు అడవి ఏనుగులను పేర్కొన్నాడు. పూర్వం అక్కడ జనం భుజం భుజం రాసుకొనేటంత దట్టంగా ఉండేవారని, తన కాలానికి తగ్గిపోయినారని వ్రాసినాడు. ఆ ప్రజల ఉచ్చారణ స్పష్టంగా ఉన్నదని మెచ్చినాడు. రాజాం ప్రాంతం ఆ ప్రాచీన కళింగంలోనిదే. ఆయన సరిగా ఈ దారినే నడిచెనని చెప్పలేము. ఆయన విన్న పలుకు నేటి తెలుగు వంటిదేనా అన్నది వేరే చర్చ. కాని ఈ ప్రాంతపు యాసను సినిమాలలో నవ్వులాటకు వాడుకొనే మనం, పదమూడు శతాబ్దాలకు మునుపు పరదేశి ఒకడు కళింగుల మాటను శ్రద్ధగా విన్నాడని తెలుసుకోవడం మంచిది.

వంశధార ఒడ్డున ఉన్న శాలిహుండం చూడనివానికి షియాన్ ఎందుకని కొందరు ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణలో న్యాయమున్నది. అక్కడి బౌద్ధ శిథిలాలను 1919లో లోకానికి చూపినవారు గిడుగు రామమూర్తిగారు. వ్యావహారిక భాషకై పోరాడిన ఆ పండితుని చూపు గుట్టమీది ఇటుకలను సైతం విడువలేదు. రాజాం నుండి ఒక్క పూటలో వెళ్లి రాగల ఆ స్తూపాలను ముందు చూచినవానికే పగోడా ఎందుకు కట్టినారో బోధపడుతుంది. చూడనివానికి అది ఎత్తైన కట్టడం మాత్రమే.

సాయంకాలం పగోడాకు ఉత్తరాన ఉన్న మైదానంలో సంగీతానికి అనుగుణంగా నీటిధారలు ఎగసిపడతాయి. జనసమ్మర్దం అటువైపే. హుయాన్‌త్సాంగ్ విగ్రహం మాత్రం దక్షిణపు మైదానంలో ఉన్నది.